చుక్కానికి ఇనుము లేదు

14 సెప్టెంబర్ 2011, బుధవారం

మొగుణ్ణీ నన్నూ విడదీశారు. ఆఫీసులోనే కదా అనుకుందామన్నా దిమ్మ దిగడం లేదు.

నారాయణప్ప సార్ అందరినీ కాన్ఫరెన్స్ రూముకు పిలిచి, ఇకనుంచి ఓడకొక టీమ్ అన్నాడు. ఇంగ్లండులోని మ్యూజియం వాళ్ల కోసం మేం తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటలో రెండు ఓడలున్నాయి. ఒకటి ఫ్రాన్స్ వాళ్ల గ్లువార్. రెండోది, దాన్ని చూసి హడలిపోయి ఇంగ్లండు వాళ్లు కట్టిన వారియర్. నూటయాభై ఏళ్ల కిందటివి. ఇనుప రేకులు తొడుక్కుని సముద్రం మీదికి వచ్చిన తొలి పెద్ద యుద్ధనౌకలు. ఒకదానికొకటి పోటీగా పుట్టాయి కానీ ఏనాడూ ఎదురుపడి ఒక్క ఫిరంగి కూడా పేల్చుకోలేదు. ఆ జరగని యుద్ధాన్ని మ్యూజియానికి వచ్చే పిల్లలు ఆడుకోవాలి.

వారియర్‌కు వినయ్ లీడ్. ఇన్నాళ్లూ నేనూ అతని టీములోనే ఉన్నాను. సకల జనుల సమ్మె మొదలైంది కాబట్టి, ఏ దారిలో క్యాబ్ ఆగినా ఒక్క ఓడ పనే ఆగాలని సార్ క్యాబుల దారిని బట్టి మనుషులను పంచాడు. కూకట్‌పల్లి, నిజాంపేట క్యాబ్ వాళ్లు వారియర్‌కి, పొద్దుటి షిఫ్టు. లింగంపల్లి, పటాన్‌చెరు వాళ్లు గ్లువార్‌కి, మధ్యాహ్నం షిఫ్టు. గ్లువార్‌కి లీడ్‌ని నేను. మొగుడూ పెళ్లాం ఒకే టీములో ఉండకూడదన్న రూలు ఇప్పుడే గుర్తొచ్చిందట ఆయనకు.

బయటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. వినయ్ టీములో అంతా గుంటూరు, భీమవరం, కడప. నా టీములో అంతా ఇక్కడివాళ్లం. ఈ ఊళ్లో ఎవరు ఎక్కడ కిరాయికి ఉంటారో తెలిసినవాళ్లెవరైనా ఈ పని చేస్తారా? అడిగితే సార్ తల పట్టుకున్నాడు. హిందూపురం మనిషి, చెడ్డవాడు కాదు. నిజంగానే తట్టలేదట. ఇప్పుడు మారిస్తే ఇంకా అనుమానిస్తారమ్మా, కానియ్యి అన్నాడు.


16 సెప్టెంబర్

మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. రాష్ట్రం మాట గడప లోపలికి రాకూడదు. పెళ్లయిన కొత్తలోనే పెట్టుకున్నాం. ఆ ఏడాది డిసెంబర్ తొమ్మిదిన తెలంగాణ ఇస్తామన్నప్పుడు నేను మా అమ్మావాళ్లింటికి వెళ్లి ఎగిరి గంతులేశాను, వినయ్ ఫోను పట్టుకుని వాళ్ల నాన్న చెన్నకేశవులు గారి తిట్లు విన్నాడు. ఇరవై మూడున వెనక్కి తీసుకున్నప్పుడు నేను ఏడ్చాను, అతను ఏమనాలో తెలియక బియ్యం కడిగాడు. ఆ రాత్రే అనుకున్నాం, ఇక ఈ గొడవ మనకొద్దని.

అనుకున్నట్టే ఉన్నాం. మేం కిరాయికి ఉంటున్న ఈ నల్లగండ్ల అపార్ట్‌మెంట్ ఒకప్పుడు మా నాయిన ఎల్లేశం జొన్నలు పండించిన చేను. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన బిల్డరు కొన్నాడు. వినయ్‌దీ ప్రొద్దుటూరే. ఎంత కోపంలోనూ నేను ఈ మాట అనలేదు. అనడం లేదన్న సంగతి మాత్రం నాకెప్పుడూ గుర్తుంటుంది.

కాబట్టి మాట్లాడుకోవడానికి మిగిలినవి ఓడలు.

ఇవాళ పాత ఫోటోలు చూశాం. పెళ్లినాడు మా ఇంటి గడప దగ్గర పేర్లు చెప్పించేటప్పుడు తమ్ముడు తిరుపతి చేతులు బార్లా చాపి నిలబడ్డ ఫోటో ఉంది. వినయ్ నా పేరు మెల్లగా అన్నాడు. "ఇనవడలేదు బావా, జర గట్టిగ" అన్నాడు వీడు. మళ్లీ అన్నాడు. మళ్లీ ఇనవడలేదు. చివరికి వినయ్ "యశస్విని" అని వీధంతా అదిరేలా అరిచాడు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వి నవ్వి ఉన్నట్టుండి, "ఈసారి బతుకమ్మ రోజు నీకొక మాట చెప్పల్ల" అన్నాడు. బంగారమా అన్నాను. కాదులే, అప్పుడు చెప్తాలే అన్నాడు. బంగారమే అయ్యుంటుంది.


20 సెప్టెంబర్

నిన్నటి నుంచి ఆర్టీసీ బస్సులు బంద్. అన్నం దగ్గర ఓడల మీద కొట్లాడుకున్నాం. ఉత్త ఓడల మీదే.

నీ గ్లువార్ పైకే ఇనుము, లోపలంతా కట్టె, ఇరవై ఏళ్లకు పుచ్చిపోయింది, మాది నిలువెల్లా ఇనుప ఒళ్లు, ఇప్పటికీ నీళ్ల మీద ఉంది అన్నాడు. నీ వారియర్ ఒంటికి కవచం నడుముకే కదా, ముక్కూ తోకా బోడి, మేం ఈ కొస నుంచి ఆ కొసదాకా కప్పుకున్నాం అన్నాను. మీ ఫిరంగులు నీళ్లకు ఆనుకుని ఉంటాయి, అల లేస్తే కిటికీలు మూసుకుని కూర్చోవాలి అన్నాడు. ముందు కట్టింది మేము, మమ్మల్ని చూసి మా కంటే పెద్దది కట్టుకుని మా మీదికే వచ్చారు మీరు అన్నాను.

మేము, మీరు. ఆ మాటలు నోట్లోంచి వచ్చాక ఇద్దరం కాసేపు పప్పు చారు జుర్రుకున్నాం.

తర్వాత అతనే మాట కలిపాడు. వారియర్ చుక్కాని కవచానికి బయట ఉంటుంది. ఆటలో దానికి కాస్త ఇనుము పెట్టేద్దాం, ఎవడు చూస్తాడని టీమ్ వాళ్లు పోరారట. ఇతను ఒప్పుకోలేదట. "ఉండేది ఉన్నట్టే పెట్టినా యశూ. ఆడ ఒక్క గుండు తగిలితే చాలు, ఓడ గిర్రున తిరుగుతానే ఉంటాది" అన్నాడు. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పాడు, ఇంట్లో మనిషికి చెప్పుకున్నట్టు. నా మొగుడు నిజాయితీపరుడని నాకు గర్వంగా అనిపించింది.


23 సెప్టెంబర్

కరెంటు కోత. జనరేటరు డీజిల్ ఒక్క షిఫ్టుకే చాలుతుందంటే వారియర్ వాళ్లకే ఇచ్చారు. నాకేం కోపం లేదు.


27 సెప్టెంబర్

వినయ్ గొంతు పూర్తిగా పోయింది. పొద్దున్న ఆరింటికి క్యాబ్ ఎక్కేటప్పుడు బాగానే ఉంది. నేను షిఫ్టుకు బయల్దేరేలోపే ఇంటికొచ్చేశాడు, కీచుమంటూ. ఏమైందంటే ఆఫీసులో ఏసీ అన్నాడు. మిరియాల పాలు ఇచ్చాను. చెమటకు తడిసిన చొక్కా తనే ఉతుక్కున్నాడు, ఎన్నడూ లేనిది.

ఆ ఏసీ గురించి సార్‌తో మాట్లాడాలి.


2 అక్టోబర్, ఆదివారం

అమ్మావాళ్లింటికి ఒక్కదాన్నే వెళ్లాను. వినయ్‌కి తలనొప్పి. అమ్మ చంద్రమ్మ అల్లుడి కోసమని సర్వపిండి చేసి పెట్టింది, మూట కట్టిచ్చింది.

తిరుపతి ఇంట్లోనే ఉన్నాడు. వాడు ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు, సమ్మె మొదలైన్నాటి నుంచి బండి పక్కన పెట్టి జెండా పట్టాడు. బావ రాలేదేంది, అలిగిండా అని అడిగాడు. ఓడ మీద అలిగాడు అన్నాను. నవ్వాడు గానీ, ఎందుకో నా మొహం చూడలేదు. రాత్రింబవళ్లు ధర్నాలంటూ తిరుగుతున్నాడు, నిద్ర లేదు పాపం.

సర్వపిండి వినయ్ ముట్టలేదు. గొంతు ఇంకా నొప్పి అన్నాడు.


4 అక్టోబర్, సద్దుల బతుకమ్మ

నిరుడు నాతోపాటు కూర్చుని తంగేడు పూలు కట్టలు కట్టినవాడు, తిరుపతి వెక్కిరిస్తున్నా లెక్కచేయకుండా బతుకమ్మను మోసినవాడు, ఇవాళ రాలేదు. షిఫ్టు మధ్యాహ్నానికే అయిపోయింది. అయినా రాలేదు. నేను ఆడి ఇంటికొచ్చేసరికి టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చున్నాడు.

చెప్తానన్న మాట ఏది అని అడిగాను. ఏముంది చెప్పేదానికి అన్నాడు. బంగారం ధర మండిపోతోంది, అందుకే వెనక్కి తగ్గినట్టున్నాడు. నాకేమీ బాధగా లేదు. నేను గాజులు తీసి విసిరేసింది బాధతో కాదు.


5 అక్టోబర్

అంతా బాగానే ఉంది. వారియర్ పని ఒత్తిడి.


12 అక్టోబర్, బుధవారం

గెలిచాం.

ఇంగ్లండు వాళ్లు తెర మీద నుంచి చూస్తుండగా రెండు టీములూ ఒకే గదిలో, తలా ఒక గోడకు. ఓడలను నడిపేది లీడ్లు. అంటే మొగుడూ పెళ్లాం. నారాయణప్ప సార్ జోకు వేయబోయి మానుకున్నాడు.

మొదట్లో చావు దెబ్బలు తిన్నాను. వారియర్ వేగం ఎక్కువ, నేను దగ్గరికి పోదామంటే దూరం జరిగి కొడుతోంది. నా ఇనుము గుండ్లను ఆపింది, కానీ ఆటలో గాలి లేచింది. అలలు పెరిగాయి. అతను ఎప్పుడో అన్నట్టే నా ఫిరంగుల కిటికీలు మూసుకోవాల్సి వచ్చింది. వారియర్ నింపాదిగా నా చుట్టూ తిరుగుతూ కొడుతోంది. నా టీము పిల్లలు తలలు దించుకున్నారు. వాళ్ల మొహాలు చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఓడ గురించి కాదు ఆ మంట. ఇంక దేని గురించో ఎందుకు రాయడం.

వారియర్ మలుపు తీసుకునేటప్పుడు తోక ఇటు తిరిగింది. ఒక్కటే కిటికీ తెరిచాను. ఒక్కటే గుండు. చుక్కానికి తగిలింది.

అంత పెద్ద ఓడ, నల్లగా నిగనిగలాడుతూ, ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆపడానికి లేదు. నా టీము మొత్తం లేచి "జై తెలంగాణ" అని అరిచింది. నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా నేనే అరిచాను. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ అరవలేదు.

అవతలి గోడ దగ్గర ఒక్కరు కూడా నన్ను చూడలేదు. అందరూ వినయ్‌ని చూశారు. ఓడిపోయినందుకు కాదు, ఇంకోలా చూశారు, ఒంట్లో బాగాలేని మనిషిని చూసినట్టు. అదెందుకో నాకు అర్థం కాలేదు. వినయ్ చేతిలోని కంట్రోలర్ బల్ల మీద పెట్టి చప్పట్లు కొట్టాడు. ఏమీ తెలియని ఇంగ్లండు వాళ్లు కూడా కొట్టారు.

ఇంటికొచ్చాక, బాగా కొట్టినావు అన్నాడు. అంతే.

చుక్కానికి ఇనుము లేదన్న సంగతి పుస్తకాల్లోనే ఉంది. అతను చెప్పకపోయినా నాకు తెలుసు. తెలుసు కదా. తెలుసు.


13 అక్టోబర్

ఇవాళ విన్నది బుర్రలోంచి పోవడం లేదు. రాస్తే తగ్గుతుందేమో.

క్యాంటీన్‌లో హెచ్ఆర్ పద్మావతి గారు నా పక్కన కూర్చుని, "మీరు కూడా వెళ్తున్నారా, లేక వినయ్ గారొక్కరేనా అండి?" అన్నారు. ఎక్కడికి అన్నాను. బెంగుళూరులో కొత్త ఆఫీసు తెరుస్తున్నారట, వినయ్ బదిలీ అడిగాడట. తనొక్కడికే. వచ్చిందట కూడా.

ఎందుకు అన్నాను. ఆవిడ నాకు తెలుసనుకునే మాట్లాడుతున్నారు పాపం. "ఆ రోజు క్యాబ్‌లో అలా జరిగాక ఎవరుండగలరండి?" అన్నారు.

నన్ను చూసి ఆవిడకే భయమేసి మిగతాది చెప్పారు. సెప్టెంబర్ ఇరవై ఏడు పొద్దున. మా ఇంటి దగ్గర వినయ్‌ని ఎక్కించుకున్నాక, యూనివర్సిటీ గోడ పక్కన సమ్మె కుర్రాళ్లు క్యాబ్ ఆపారట. అందరినీ దించారట. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. వరసగా నిలబెట్టి జై తెలంగాణ అనిపించారట. తక్కినవాళ్లతో ఒక్కసారి. వినయ్‌తో మాత్రం మళ్లీ మళ్లీ. వినపడలేదని, ఇంకా గట్టిగా అని. గొంతు పోయేదాకా. చుట్టూ నవ్వులట.

అనిపించినవాడు మీ తమ్ముడేనట కదండీ అన్నారు.

అదే మాట నిన్న అతని మొహం మీద అందరికంటే గట్టిగా అరిచాను నేను.


14 అక్టోబర్

గొంతు. ఏసీ కాదు.


16 అక్టోబర్, ఆదివారం

తిరుపతి దగ్గరికి పోయాను. వాకిట్లో బండి తుడుస్తున్నాడు. అబద్ధమాడతాడనుకున్నాను, గల్లా పట్టుకోవాలని కూడా అనుకుంటూ పోయాను. ఆడలేదు. బట్ట బకెట్లో పడేసి అన్నీ చెప్పాడు.

"అందర్ని అనిపిచ్చి బావనొక్కన్నే ఇడిసిపెడితే నా ఇజ్జత్ ఏముంటదక్కా? దోస్తులంత చూస్తున్రు. నా బావ అని తెల్సు వాళ్లకు. మెల్లగ అన్నడు. పెండ్లిల లెక్కనే, ఇనవడలేదు బావా, జర గట్టిగ అన్న. నవ్వుకుంటనే అన్న. బావ గూడ నవ్వుతడనుకున్న."

నవ్వాడా అని అడిగాను.

"లేదక్కా. గట్టిగ అరిశిండు. ఆపమన్నా ఆపలే. బండెక్కినంక గూడ అరుసుకుంటనే పోయిండు."

నేను వాణ్ణి కొట్టలేదు. వాడికది పరాచికం. బావను పరాయివాడిగా చూడకూడదనే ఆ పని చేశాడు. పరాయివాళ్లను ఒక్కసారికే వదిలేశాడు.


17 అక్టోబర్

పొద్దున బాల్కనీలో అడిగాను. మా ఒప్పందం ఉంటే ఉంది, నేను రాష్ట్రం మాటే మాట్లాడతానన్నాను. తమ్ముడి తరఫున దండం పెడతానన్నాను, ఆరోజు నేను అరిచినందుకు నా తరఫున పెడతానన్నాను. బెంగుళూరు ఎందుకు పోతున్నావు, నా మీద కోపమా, భయమా అని అడిగాను.

కిందికి చూస్తూ అంతా చెప్పాడు. ఒక్క మాట పొల్లు పోకుండా రాసుకుంటున్నాను.

"తిరుపతి మీద కోపం లేదు యశూ. నీ మీదా లేదు. బతుకమ్మ రోజు నీకొక మాట చెప్పల్లనుకున్నా గదా. అదే ఆ మాట. నువ్వు పూలు పేర్చేటప్పుడు పక్కన కూర్చోని, మీ రాష్ట్రం మీకు రావల్ల, అది న్యాయం, జై తెలంగాణ అని చెప్పల్లనుకున్నా. దానికోసరం మా నాయనతో కొట్లాడి మాటలు కూడా లేకుండా చేసుకున్నా. ఎవురూ అడక్కముందే నా అంతట నేను చెప్పల్లనుకున్నా. రోడ్డు మీద గుంజుకున్నారు. ఇప్పుడు ఎప్పుడన్నా అది భయపడి అన్నమాటే అయితాది."

రెండేళ్లుగా నేను ఆ మాట కోసమే ఎదురుచూశానని అతనికి తెలుసు. నేను ఎప్పుడూ అడగలేదు, అయినా తెలుసు. దాచి తెచ్చాడు. నా తమ్ముడే లాక్కున్నాడు. మిగిలినదాన్ని నేను గుండు పెట్టి కొట్టాను.

నన్నెందుకు రమ్మనలేదు అన్నాను.

"ఈ నేల మీద మీ నాయిన జొన్నలేసినాడు. ఇప్పుడు నువ్వు కిరాయికి ఉండావు. అది కూడా ఇడిచిపెట్టి రమ్మని ఏ మొహంతో అడగల్ల?"

తెలుసు అతనికి. ఎవరు చెప్పారో, ఎన్నాళ్ల నుంచి తెలుసో. నేను ఏడుస్తుంటే అతను లోపలికి పోయి బియ్యం కడిగాడు.


20 అక్టోబర్

వారియర్ కూడా నాకే అప్పగించారు. ఇంగ్లండు వాళ్లకు ఆట తెగ నచ్చిందట. అయితే ఒక్క గుండుకు ఓడ పోతే పిల్లలు అలుగుతారు, చుక్కానికి కొంచెం ఇనుము పెట్టమన్నారని సార్ చెప్పాడు. పెట్టనన్నాను. ఎందుకమ్మా మొండితనం, గెలిచింది నీ ఓడే కదా అన్నాడు.

ఉండేది ఉన్నట్టే ఉంటుంది అన్నాను. సార్ ఏమనుకున్నాడో ఏమో, ఇంక అడగలేదు.


24 అక్టోబర్, సోమవారం

సమ్మె వాయిదా వేశారట. వినయ్ ప్రయాణం ఇవాళే.

లింగంపల్లిలో బెంగుళూరు బస్సు ఎక్కించడానికి తిరుపతి తన బండి తెచ్చాడు. రమ్మని నేను చెప్పలేదు. దారిలో యూనివర్సిటీ గోడ రాకుండా వేరే సందుల్లోంచి తీసుకుపోయాడు. ఆ సందుల్లో తిరగాల్సిన పనే లేదని ముగ్గురికీ తెలుసు. బస్సు దగ్గర సంచులు దించి, బావా అన్నాడు. కళ్లు తుడుచుకోవడం కూడా చేతకాని మొద్దు. వినయ్ వాడి భుజం మీద చెయ్యి వేసి, బండి జాగ్రత్తగా నడుపు అన్నాడు.

నెలకొకసారి వస్తానన్నాడు. నువ్వు వచ్చినా రాకున్నా నేను వస్తానన్నాడు. నేను తలూపాను. ఇల్లు చూసుకో, పప్పు చారు బాగా చేసే మెస్సు చూసుకో అన్నాను. ఇంకేవేవో అన్నాను.

నాకు ఆ మాట వినాలని ఉంది. నా చెవిలో, మెల్లగా, ఒక్కసారి. అడిగితే కాదనడు. నేను పెదవులు కదిలిస్తే చాలు, చెప్తాడు. కానీ అడిగి చెప్పించుకుంటే తమ్ముడి తర్వాత గుంజుకున్నది నేనవుతాను.

బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగాడు. "బతుకమ్మ మళ్లీ ఏడాది కూడా వస్తాది గదా" అన్నాడు.

అప్పుడు చెప్తావా అన్నది నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేశాను. వస్తది అన్నాను. బస్సు పోయింది, నేనూ తిరుపతీ చాలాసేపు అక్కడే నిలబడ్డాం.